బతికున్నవాడికి నివాళి

మనిషి చనిపోతే తప్ప కువైట్‌లోని ఆ తెలుగు రేడియోలో అతని పేరును ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో కలిపి పలికే ఆచారం లేదు. బతికి ఉన్నంతకాలం అందరూ ముక్కలుగానే వినిపిస్తారు. వఫ్రా నుంచి చిన్నపుల్లయ్య, షుఐబా నుంచి సిద్ధయ్య, ఫలానా వారింట్లో వంట చేసే మునిలక్ష్మి. గుండె ఆగిపోయినప్పుడో, పరంజా మీద నుంచి జారిపడినప్పుడో మాత్రం మనిషి మొత్తంగా వినబడతాడు. ప్రవాసుల సంఘం వారు రాసి పంపే ఐదు వాక్యాలు, ఒక నిమిషం మౌనం, ఆ వెంటనే ఊళ్లకు సామాన్లు పంపే కార్గో ప్రకటన.

ఆ ఐదు వాక్యాలను ఆరేళ్లుగా చదువుతున్నది గురమ్మ. బ్నీద్ అల్ గార్ పేటలోని ఒక కువైటీ ఇంట్లో ఆమె వంటమనిషి. శుక్రవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాది భోజనాలు ముగిశాక యజమానురాలు మామా ఆమెను బయటికి వదిలిపెడుతుంది. రెండు వీధుల అవతల, ఇమ్తియాజ్ నడిపే కార్గో ఆఫీసు వెనుక గదిలో రెండు నుంచి నాలుగు దాకా గురమ్మ రేడియో వ్యాఖ్యాత, వినేవారికి డీజే గురమ్మ. ఫోన్లలో వినే రేడియో అది. ఊళ్లకు పంపడానికి అమ్మే బరువైన దుప్పట్లనే గోడలకు వేలాడదీసి ఇమ్తియాజ్ ఆ గదిని స్టూడియో చేశాడు. తలుపు దానంతటదే మూసుకుంటుంది. లోపల ఒక మైకు, ఒక ఫోను, ఒక పాత ఫ్యాను ఉంటాయి. గొంతు వినబడాలంటే ఫ్యాను ఆపాలి.

రాజంపేట దగ్గరి పల్లెలో గురమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ పైన చదివిందంతా మామా పిల్లలు పారేసిన పుస్తకాల్లోంచి, ఫోన్లోంచి. ఎవరేం చెప్పినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "నువ్వు చూసినావా?" ఒకసారి ఎవరో తాయెత్తు కట్టుకుంటే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాల చిక్కులు తీరిపోతాయని సందేశం పంపి, దాన్ని రేడియోలో చదవమన్నారు. గురమ్మ చదివింది. చదివి, "కట్టుకున్నోళ్లలో పని అయినోళ్ల పేర్లు రాసినారు. కానోళ్ల పేర్లు యాడ?" అని అడిగింది. ఆ వారం సంఘం నుంచి ఇమ్తియాజ్‌కు నాలుగు ఫోన్లు వచ్చాయి.

ఇలాంటి మనిషికి చిన్నపుల్లయ్య ఒక రోజు నాలుగు నిమిషాల రికార్డింగు పంపాడు. వఫ్రాలో గొర్రెలు కాసేవాడు. "అక్కా, పక్క తోటలో ముసలాయన వాయిస్తాంటాడు. ఏం పాటో నాకు తెలీదు. గొర్రెలు గూడా తల ఎత్తి సూస్తాయి" అని దాని వెనుకే ఒక మాట.

గురమ్మ దాన్ని మొదటిసారి ఉల్లిపాయలు తరుగుతూ విన్నది. సాక్సోఫోన్ అని మాత్రం తెలిసింది. పెళ్లి ఊరేగింపుల్లో వినే గొంతు అదే. కానీ ఇది పెళ్లి పాట కాదు, సినిమా పాట అసలే కాదు. ఒకే మాటను ఒకడు మూడుసార్లు అడిగి, మూడోసారి జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయినట్టుంది. అడుగున ఏదో కరకరమని చప్పుడు. గొర్రెలు గడ్డి నములుతున్నాయేమో అనుకుంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. పద్నాలుగు కరకరలు, తర్వాత ఒక ఈడ్పు. మళ్లీ పద్నాలుగు, మళ్లీ ఈడ్పు. గొర్రెలు లెక్కపెట్టి నమలవు. అదేమిటో తేలకపోయినా ఆ సంఖ్య ఆమె మనసులో ఉండిపోయింది.

పుల్లయ్య దగ్గర బాబ్జాన్ అనే ఆ ముసలాయన నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"నేను డీజే గురమ్మను మాట్లాడుతుండా అన్నా."

అవతల నుంచి ఒక బొంగురు గొంతు వచ్చింది. "డీజే అనే మాట నా చెవినెయ్యొద్దమ్మా. పెండ్లిండ్లకు ఆ పెట్టెలు వచ్చినాకనే మా బ్యాండోళ్లం పదైదు మందీ పదైదు దిక్కులకు పోయినాం. నేను ఈడికొచ్చి పడినా."

"నా కాడ పెట్టెల్లేవన్నా. ఒక మైకు. అది గూడా కొట్టి కొట్టి పలికించాల."

"అట్లయితే మాట్లాడు" అన్నాడు బాబ్జాన్.

రాయచోటిలో పదిహేనో ఏట బ్యాండులో చేరిన మనిషి. ఇరవై ఏళ్ల కిందట కువైట్ వచ్చి, షుఐబా వైపున్న ఒక అమెరికా సైనిక శిబిరంలో బట్టలు ఉతికే కాంట్రాక్టు పనిలో కుదిరాడు. అక్కడి లాండ్రీ సూపర్‌వైజరు వాల్టర్ అనే నల్లజాతి పెద్దమనిషి. మిషన్లు తిరుగుతున్నంతసేపూ ఆయన తన వాళ్లు పాడుకునే రిథమ్ అండ్ బ్లూస్ పాటలు పెట్టేవాడు. బాబ్జాన్ సాక్సోఫోన్ వాయిస్తాడని తెలిశాక, ఊరికి వెళ్లిపోతున్న ఒక సైనిక వాద్యకారుడి దగ్గర పాతది ఒకటి ఇప్పించాడు.

"నాలుగు దెబ్బల తాళంలో ఆయన చప్పట్లు రొండూ నాలుగూ మింద కొడతాడమ్మా. నా కాలేమో ఒకటీ మూడూ మింద పడతాది. ఊరేగింపు కాలు గదా. మూడు నెల్లు తిట్నాడు నన్ను. కాలు మారల్యా. ఆఖరికి ఆయనే అన్యాడు, కాలును నీ ఊర్లోనే ఉండనీ, ఊపిరిని నా ఊరికి పంపు, అని."

"పంపినావా?"

"పదహారేండ్లుగా పంపుతానే ఉండా."

శిబిరం కాంట్రాక్టు పోయాక వఫ్రా తోటలో చేరాడు. కీరకాయలు, టమాటాల గ్రీన్‌హౌసులకు నీళ్లు పెట్టడం పని. ఇప్పుడు అరవై దాటాయి. ఆ వయసు మనిషికి మళ్లీ ఇఖామా కొట్టించడం దండగని తోట యజమాని అయిన కఫీల్ తేల్చేశాడు. మరో పన్నెండు రోజుల్లో, మంగళవారం నాడు దేశం విడిచే ఖురూజ్ ముద్ర మీద ఇంటికి. మళ్లీ రావడం లేదు.

ఆ శుక్రవారం గురమ్మ రికార్డింగును మొత్తం వినిపించింది. దాని మీద పది నిమిషాలు మాట్లాడింది. ఒకటీ మూడూ, రెండూ నాలుగూ సంగతి చెంచాతో బల్ల మీద కొట్టి చూపించింది. చివర, "ఈయన గురించి చచ్చినాక ఐదు వాక్యాలు చదివే బదులు, వచ్చే వారం బతికుండంగానే ఒక నివాళి చదువుతా" అని ప్రకటించింది.

సాయంత్రానికల్లా వాట్సాప్ గుంపుల్లో మాటలు రేగాయి. రాయచోటి బ్యాండువాడు అమెరికా పాట వాయించడమేమిటి? ఎక్కడిదో దింపుకున్న రికార్డు అయి ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్‌కు రెండు ముక్కలు చెబితే సాక్సోఫోన్ కూడా అదే వాయించి పెడుతోంది. అందరినీ ఆధారం అడిగే గురమ్మక్క దీనికి ఆధారం అడిగిందా?

ఆ ఆఖరి ప్రశ్న ఆమెకు సూటిగా తగిలింది. వాళ్లన్న మాట నిజం. తాను చూడలేదు. పుల్లయ్య పంపాడు, బాబ్జాన్ చెప్పాడు, తాను నమ్మింది.

మర్నాడు ఇమ్తియాజ్ ఫోన్ చేశాడు. కడప టౌనువాడు, నలభై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. గొడవలంటే మాత్రం ఆమడ దూరం.

"అక్కా, బతికుండే మనిషికి నివాళేంది? ఇనేటోళ్లకు అపశకునంగా ఉండదా?"

"ఎవురికి అపశకునం? ఆయనకు లేదు. నేనడిగినా."

"సరే, అది ఇడ్సిపెట్టు. ఆ పాట ఆయనది కాదంటాండారు. సంఘమోళ్లు క్షమాపణ రాసి నాకు పంపినారు. పొరపాటున వేరేవాళ్ల పాటను ఆయన పేరుతో ఏసినాం అని."

"అనుమానపడేది తప్పు కాదు ఇమ్తియాజ్. నేనే ఊరందరికీ నేర్పించినా. మనిషిని పిలిచి ఇనకుండా తీర్పు రాసేది తప్పు. వచ్చే శుక్రవారం ఆయన్ను మన గదికి పిలిపిస్తా. అందరూ ఇంటుండంగా వాయిస్తాడు."

"వాయించలేకపోతే?"

"ఆ క్షమాపణ కాగితం నేనే చదువుతా."

ఫోన్ పెట్టాక ఆమె లెక్క వేసుకుంది. తన మైకు సంగతి పెద్దది కాదు. ఆ కాగితం చదివితే బాబ్జాన్ మంగళవారం విమానం ఎక్కేది దొంగ పేరుతో. రాయచోటిలో దిగేసరికి ఆ పేరు ఆయనకన్నా ముందే దిగి ఉంటుంది.

శుక్రవారం బాబ్జాన్ కీరకాయల వ్యానులో నగరానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు తోటలో వేసుకునే బూట్లే. సాక్సోఫోన్‌ను పాత తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. రెండు మీటలకు స్ప్రింగులు పోతే రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి.

గురమ్మ ఆయన కోసం చేయగలిగినదంతా చేసింది. ఇమ్తియాజ్ బల్ల వెనుక ఉండే, అందరూ దూరం నుంచి చూసే, చక్రాలున్న మెత్తటి ఆఫీసు కుర్చీని అడిగి స్టూడియోలోకి తెప్పించింది. సొంత డబ్బుతో శాలువా కొన్నది. ఆ శాలువా కప్పి, ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, మైకును నోటి దగ్గరికి జరిపింది. ఆయన కుర్చీ వైపు, ఆమె వైపు చూశాడు.

"ఇంత మంచి కుర్చీ నాకెందుకమ్మా?"

"నలభై ఏండ్లు వాయించినావు. ఒక్క పెండ్లిలోనన్నా ఎవురన్నా కుర్చీ ఏసినారా?"

"ల్యా."

"అందుకే."

గౌరవం చేస్తున్నవారికి అడ్డు చెప్పడం ఆయన ఎరగని విద్య. శాలువా జారకుండా ఒక భుజం ఎత్తిపట్టుకుని పెదవుల మధ్య సాక్సోఫోన్ రీడు తడుపుకున్నాడు. ఇమ్తియాజ్ తలుపు దగ్గర కాగితంతో నిలబడ్డాడు. ఫ్యాను ఆపారు. పక్క ఫోన్లో వింటున్నవారి సంఖ్య ఎన్నడూ లేనంతగా పెరుగుతోంది.

బాబ్జాన్ వాయించాడు.

స్వరాలు అవే. ఆమె ఇరవైసార్లు విని గుర్తుపెట్టుకున్న వరసే. కానీ ప్రాణం లేదు. బడిపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. నిమిషం గడిచేసరికి ఊపిరి తడబడింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తడబడింది. నుదుటి మీద చెమట పట్టింది. ఇమ్తియాజ్ కాగితం మడతలు విప్పాడు.

ఆ క్షణంలో గురమ్మకు కూడా అనుమానం వచ్చింది. దాన్ని ఆమె తనకు తాను దాచుకోలేదు. ఈయన కాదేమో. చెప్పిన కథ అందంగా ఉందని నమ్మానేమో.

అనుమానం వచ్చినప్పుడు ఆమె ఎప్పుడూ చేసే పనే చేసింది. ఊహించడం మాని చూసింది. బాబ్జాన్ చేతులు చూసింది, నోరు చూసింది, తర్వాత కాళ్లు చూసింది. ఆయన కుడి బూటు నేలను తన్నుతోంది. తన్నిన ప్రతిసారీ చక్రాలున్న ఆ కుర్చీ బెత్తెడు వెనక్కి జరుగుతోంది. ఆయన ముందుకు లాక్కుంటున్నాడు, అది మళ్లీ జరుగుతోంది. వెనుక గోడకు కొట్టుకుని టక్కుమంది. ఆ మనిషి మైకు ముందు కూర్చుని నడవడానికి పెనుగులాడుతున్నాడు.

పద్నాలుగు కరకరలు, ఒక ఈడ్పు.

"ఆగన్నా" అంది గురమ్మ, మైకు తెరిచే ఉండగా. "తోటలో యాడ నిలబడి వాయిస్తావు నువ్వు?"

"నిలబడేది యాడిదమ్మా. రొండు గ్రీన్‌హౌసుల నడుమ కంకర దావ ఉంటాది. అట్ల పోయి ఇట్ల వస్తాంటా."

"ఎన్ని అడుగులు?"

"ఎవురు లెక్కపెట్నారు?"

"నేను పెట్నా. పద్నాలుగు. ఎప్పుడన్నా కూర్చోని వాయించినావా?"

బాబ్జాన్ ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదని ముఖంలో తెలుస్తోంది. "ఊరేగింపులో కూర్చుంటే ఎనకొచ్చే గుర్రం తొక్కుతాది గదమ్మా."

ఇమ్తియాజ్ కూడా నవ్వాడు, తనకు తెలియకుండానే.

"మర్యాదని కుర్చీ ఏసి నేనే నీ కాళ్లు కట్టేసినా" అంది గురమ్మ. శాలువా తీసి కుర్చీ మీద వేసి, కుర్చీని మూలకు నెట్టింది. తలుపు తెరిచింది. బయట కార్గో అట్టపెట్టెల మధ్య సన్నని నడవా ఉంది. వదిలితే తలుపు మళ్లీ మూసుకుంటోంది. ఇమ్తియాజ్ చేతిలోని కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తలుపు కింద బిగించింది.

"అక్కా, అది సంఘమోళ్ల కాగితం."

"గట్టి కాగితం. బాగా పనికొచ్చింది."

తర్వాత మైకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఇంటుండేవాళ్లకు చెప్తాండా. పోయిన వారం నేను ఏసిన పాట మీ ఫోన్లలో ఉంటాది. తీసి ఇనండి. పద్నాలుగు అడుగులు, ఒక తిరుగుడు. తోటలో దావ అంత పొడుగు. ఈడ మా నడవా చిన్నది, మొన్న నేను పెట్టెలు మోసినప్పుడు తొమ్మిది అడుగులు. ఈ మనిషే ఆ మనిషయితే, తొమ్మిదికి ఒకసారి తిరుగుతాడు, అడుగు ఒకటీ మూడూ మింద పడతాది, ఊపిరి రొండూ నాలుగూ మింద. కాకపోతే మీ కాగితం తలుపు కిందనే ఉంది, తీసి చదువుతా. లెక్కపెట్టుకోండి."

బాబ్జాన్ గడప దగ్గర నిలబడి సాక్సోఫోన్ ఎత్తాడు. మొదట కాలు కదిలింది. తోట బూటు సిమెంటు నేల మీద గట్టిగా పడింది. దాని తర్వాత, సరిగ్గా సగం దారిలో, మొదటి స్వరం వచ్చి ఆ అడుగును ఎదిరించింది.

కాలు రాయచోటి వీధుల్లో పెళ్లికొడుకును తీసుకుపోతున్నంత నిబ్బరంగా పడుతోంది. దాని మీద సాక్సోఫోన్ మాట వినని కొడుకులా ప్రతి అడుగుకూ ఒక క్షణం వెనుకబడి, పట్టుకుని, తోసుకుని, మళ్లీ వెనుకబడుతోంది. ఇరవై ఏళ్లు ఒకరి మురికి ఉతికి, మరొకరి మొక్కలకు నీళ్లు పోసిన మనిషి ఆ పనులన్నిటికీ తలవంచి, ఈ ఒక్క చోట మాత్రం తల వంచనని చెబుతున్నట్టుంది. రబ్బరు బ్యాండు మీట ఒకటి స్వరంతో పాటు చిన్నగా టకటకమంటోంది. ఆయన దూరమవుతున్నాడు. శబ్దం పెట్టెల వెనక్కి పోయి సన్నబడింది.

"అక్కా, మైకుకు అందడంల్యా" అని గుసగుసలాడాడు ఇమ్తియాజ్.

"అందకపోనీ. తిరిగొస్తాడు."

ఏడు, ఎనిమిది, తొమ్మిది. బూటు ఈడ్చిన చప్పుడు. శబ్దం మళ్లీ దగ్గరపడి గది నిండింది. ఇమ్తియాజ్ పెదవులు కదులుతున్నాయి. అతనూ లెక్కపెడుతున్నాడు.

పాట ముగిసే సరికి మూడు నలభై అయింది. ఫోన్లో సందేశాలు వరసగా పడుతున్నాయి. "తొమ్మిది" అని కొందరు అంకె మాత్రమే పంపారు. షుఐబా నుంచి సిద్ధయ్య తాను నడుస్తూ విన్నానని, అడుగు తప్పలేదని పంపాడు. ఒకడు మాత్రం ఇదీ రికార్డింగే అయి ఉంటుందని, అడుగుల చప్పుడు విడిగా కలిపారని రాశాడు.

"ఇంకా నమ్మనోళ్లు ఉండారక్కా" అన్నాడు ఇమ్తియాజ్.

"ఉండనీ. మంగళవారం దాకా ఆయన వఫ్రాలోనే ఉంటాడు. పోయి సూడమను. బస్సులు తక్కువ, ముందే బయల్దేరమను."

బాబ్జాన్ గడపలో నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. గురమ్మ ఆ వారం మొత్తం వంటింట్లో రాసుకున్న కాగితం తీసింది. సంఘం వారి ఐదు వాక్యాల కొలతలోనే రాసింది, కావాలనే. మృతుల కోసం ఆరేళ్లుగా వాడిన నిదానమైన గొంతుతో, అచ్చుభాషలో చదివింది.

"షేక్ బాబ్జాన్, తండ్రి షేక్ మస్తాన్, రాయచోటి. ఇఖామాలో వ్యవసాయ కూలీ అని ఉన్నది. అది అబద్ధం కాదు, అసంపూర్ణం. ఈయన రిథమ్ అండ్ బ్లూస్ సాక్సోఫోన్ వాద్యకారుడు, ఒక దేశపు ఊపిరిని మరొక దేశపు నడకతో కలిపి, రెండింటిలో దేనికీ లొంగకుండా వాయించగల మనిషి. ఇది నేను విని, చూసి, లెక్కపెట్టి చెబుతున్న మాట."

బాబ్జాన్ తల దించుకున్నాడు. "మా నాయన పేరు గూడా చెప్పినావే" అన్నాడు మెల్లగా. అది కూడా మైకులోకి పోయింది.

మూడు యాభై తొమ్మిది. ఇమ్తియాజ్ గడియారం చూపించాడు. నివాళి తర్వాత ఒక నిమిషం మౌనం, నాలుగింటికి కార్గో ప్రకటన. ఆరేళ్లుగా మారని వరస.

"ఇప్పుడు ఒక నిమిషం మౌనం పాటించాల" అంది గురమ్మ. "అది చచ్చినోళ్ల నిమిషం. ఈయన బతికుండాడు కాబట్టి ఆ నిమిషం ఈయనది. కార్గో కాసేపు ఆగుతాది."

ఇమ్తియాజ్ ప్రకటన మీట మీద పెట్టిన వేలు తీశాడు.

బాబ్జాన్ కాలు ముందుకు వేశాడు.